అసంస్కృత నౌక



పెన్నలో నీళ్లకన్న ఇసుకనే ఎక్కువగా చూసిన కడప జిల్లావాడు పడవల గురించి టపా వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు బడులలో ముప్పైయేళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నవాణ్ణి. ఓడకు, నావకు పర్యాయపదాలు పిల్లలచేత వల్లెవేయించానే గాని, పడవ గోడ మీద చెయ్యి వేసి చూసిన సందర్భం నా ఉద్యోగకాలంలో ఒక్కటీ లేదు. ఆ కొరత నిరుడు తీరింది.

నా పూర్వవిద్యార్థి ఒకడు ప్రొద్దుటూరులో ఫైబరు తలుపులు, నీళ్లతొట్లు చేసే పని పెట్టుకున్నాడు. కోస్తా నుంచి ఒక పాత ఫైబరు పడవను కొని లారీ మీద తెప్పించాడు. ఇరవైయేళ్ల నాటిది. ముందుభాగంలో చిన్న గది. అటూ ఇటూ బల్లలు, పైన రెగ్జిన్ కప్పు, నాలుగు అద్దాల కిటికీలు. దానికి కొత్త హంగులు దిద్ది, అనుమతి పొంది, మన జలాశయాలలో ఏదో ఒకదానిలో సంక్రాంతినాటికి తిప్పాలని అతని సంకల్పం. అప్పు తెచ్చిన సొమ్ము. "సార్, మీరొచ్చి దీనికొక మంచి పేరు పెట్టాల" అని పిలిచాడు.

వెళ్లి గదిలోకి తలవంచి దూరాను. ముక్కుకు ముందుగా తగిలింది మూసిపెట్టిన పాత పెట్టె వాసన. కప్పుకు అంటించిన రెగ్జిన్ పొట్టలు పొట్టలుగా వ్రేలాడుతున్నది. వ్రేలితో తాకితే దాని వెనుకనున్న స్పాంజి పిండిలాగా రాలింది. గోడల ప్లైవుడ్ మీద కిటికీల క్రింద నల్లని చారలు.

"ఇదంతా ఏం చేస్తావప్పా?" అన్నాను.

"ఏముంది సార్! పైన కొత్త రెగ్జిన్, గోడలకు సన్‌మైకా, మిగిలినదానికి పెయింటు. పది దినాల్లో కొత్తదైపోతాది."

ఆ మాట వినగానే నాకు ఎన్నడో చదివిన ఒక శాస్త్రవాక్యం జ్ఞప్తికి వచ్చింది. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నావధ్యక్షుడనే అధికారి విధులు చెప్పిన ప్రకరణం ఒకటున్నది. తగినంతమంది మనుషులు గాని, పరికరాలు గాని లేక, లేదా బాగుచేయించక నావ చెడిపోతే, అందువల్ల కలిగిన నష్టాన్ని నావధ్యక్షుడే భరించాలని అందులో శాసనం. బాగుచేయించని నావకు అక్కడ వాడిన విశేషణం 'అసంస్కృత'. సంస్కృతమనే మాటను భాషకూ, సంస్కారమనే మాటను మనిషికీ ముడిపెట్టి చదువుకున్న నాకు, అది పడవకు కూడా వర్తించడం అప్పట్లో ముచ్చటగా తోచింది. దాని బరువు మాత్రం ఆనాటిదాకా తెలియలేదు.

దీనికి భిన్నమైన మరొక గ్రంథమున్నది. భోజరాజు పేరిట ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు నౌకలను వాటి గదులను బట్టి మూడు రకాలుగా విభజిస్తుంది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గదులుంటే సర్వమందిర. నడుమ ఉంటే మధ్యమందిర. ముందుభాగంలో ఉంటే అగ్రమందిర. మధ్యమందిర రాజుల విలాసయాత్రలకు, అగ్రమందిర దూరప్రయాణాలకు, యుద్ధాలకు తగినవట. ఇక రంగులు: నాలుగు కొయ్యల నౌకకు తెలుపు, మూడింటికి ఎరుపు, రెండింటికి పసుపు, ఒక్కదానికి నీలం. మా శిష్యుడి పడవ ఈ లెక్కన అగ్రమందిర. ఆ మాట చెబితే పేరు దొరికిందని సంబరపడ్డాడు. కాని నా మనసులో రెండు గ్రంథాలూ తగాదా పడుతున్నాయి. ఒకటి అలంకారం చెబుతున్నది, రెండవది సంస్కారం అడుగుతున్నది.

ఆ తగాదా తీర్చినవాడు పండితుడు కాడు. లారీతోపాటు కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక ముసలి మేస్త్రి. ఆయన చిన్న సుత్తి పుచ్చుకొని గది గోడలన్నీ జానెడుకొక దెబ్బ చొప్పున మెల్లగా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట ఖణేలుమన్నది. కిటికీల క్రింద, ముందరి అడ్డుగోడ మొదట్లో మాత్రం డొల్ల చప్పుడు. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిస్తే మెత్తగా లోపలికి దిగిపోయింది.

"పైకి బానే ఉందండి బాబూ, లోపల చెక్క చచ్చిపోయిందండి. దీనిమీద మీరేం అంటించినా చచ్చినదాని మీద దుప్పటి కప్పినట్టేనండి" అన్నాడు.

ఫైబరంటే ఏమిటో, అందులో చెక్క ఎందుకు చచ్చిపోతుందో ఆయన దగ్గరా, తరువాత పుస్తకాల వల్లా తెలుసుకున్నది చెబుతాను. గాజును కరగించి వెంట్రుకకన్న సన్నగా తీసిన నారను చాపగా పరచి, రెజిన్ అనే బంకతో తడిపితే అది గట్టిపడి ఫైబరవుతుంది. 1930లలో అమెరికాలో గాజునార తయారీ కుదిరింది. 1942లో ఒహాయో రాష్ట్రంలో రే గ్రీన్ అనే ఆయన పాలియెస్టరు రెజిన్‌తో చిన్న తెరచాప పడవ చేశాడు. రెండవ ప్రపంచయుద్ధానంతరం ఈ పద్ధతి లోకమంతా వ్యాపించింది. మన తూర్పుతీరంలో 1980ల నుంచి దుంగల తెప్పల స్థానంలోకి ఫైబరు పడవలు క్రమంగా వచ్చాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత సహాయంగా పంచినవాటితో మరీ పెరిగాయి.

ఆలోచిస్తే ఈ పద్ధతి మనకు మరీ కొత్తది కాదు. తుంగభద్ర మీద తిరిగిన పుట్టి కూడా ఇటువంటిదే. వెదురు అల్లిక నార వంటిది. దానిమీద బిగించిన తోలు రెజిన్ వంటిది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఈ పుట్టులను వర్ణించాడు. బుట్టలాగా గుండ్రంగా ఉంటాయనీ, పదిహేను ఇరవైమందిని మోస్తాయనీ, తిన్నగా పోలేక గిరగిర తిరుగుతూ పోతాయనీ వ్రాశాడు. పుట్టికి ఒక సుగుణమున్నది. దానికి లోపలి గోడ వేరే లేదు. అల్లిక చెడితే కళ్లకు కనబడుతుంది.

ఫైబరు పడవలో అలా కనబడదు. గాజునార కుళ్లదు నిజమే. కాని గది అడ్డుగోడలు, బల్లలు, పైతట్టు మధ్యపొర చాలా పడవల్లో చెక్కతో చేసి పైన ఫైబరు పొర కప్పుతారు. కిటికీ అంచుల దగ్గరా, మరమేకుల రంధ్రాల దగ్గరా బంక ఎండిపోయి వాననీరు దిగుతుంది. దిగిన నీటికి బయటికి పోయే దారి లేదు. చెక్కకు ఉప్పునీటికన్న వాననీరే ఎక్కువ శత్రువట. సముద్రంలో తిరిగిన పడవను పైనుంచి కురిసిన మంచినీరు చంపడం విచిత్రం కదా!

మేస్త్రి మాట విన్న మా శిష్యుడి ముఖం పాలిపోయింది. సంక్రాంతి ఇంక ఐదు వారాలు. ఆ రాత్రి ఫోను చేసి, "సార్, ఎవరికి కనపడతాది? ఈ ఒక్క సీజనూ తిప్పుకుంటా, వేసవిలో అంతా పీకేసి చేస్తా" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అతని అప్పు నాకు తెలుసు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో విహారపడవ మునిగిన వార్తలు చూస్తూ నేను ఇంట్లో ఎలా కూర్చున్నానో అదీ గుర్తున్నది. ఆ పడవకు వచ్చిన ఆపద వేరు, దీని లోపం వేరు. కాని పడవ ఎక్కేవాడు గోడ తట్టి చూసి ఎక్కడు, నమ్మి ఎక్కుతాడు. చివరకు ఒక్కటే అడిగాను: "మొదటి దినం నీ బిడ్డల్ని దాంట్లో కూర్చోబెడతావా?" అవతల చాలాసేపు మాట లేదు. మరునాడు ఉదయం గది విప్పడం మొదలుపెట్టాడు.

అటుపిమ్మట పని దాదాపు రెండు నెలలు సాగింది. వారానికి రెండుసార్లు వెళ్లి చూసేవాణ్ణి. ముందు బల్లలు, కిటికీలు, కప్పు అన్నీ విప్పి, దేనికది గుర్తు వ్రాసి పక్కన పెట్టారు. మెత్తబడిన చెక్కను గట్టి చెక్క తగిలేదాకా కోసివేశారు. మిగిలినదాన్ని ఫ్యాను పెట్టి రోజుల తరబడి ఆరబెట్టారు. కొత్త ముక్కలకు మెరైన్ ప్లైవుడ్ తెచ్చారు. దానికి భారతీయ ప్రమాణం 710 అని గుర్తుంటుంది. అంచులకు, మేకుల రంధ్రాలకు ముందే ఎపాక్సీ పట్టించి, గాజుచాప ముక్కలతో గోడకు కలిపారు. పాత పాలియెస్టరు మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుందనీ, ఎపాక్సీ మీద పాలియెస్టరు అంతగా పట్టదనీ మేస్త్రి చెప్పాడు.

తరువాత శుభ్రం. మైనం, నూనెమరక పోకుండా గీకితే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. అందుచేత సబ్బునీటితో కడిగి, ద్రావకంతో తుడిచి, అప్పుడే సాండ్ పేపరు పట్టారు. మొదట 80 నంబరు, ఆపైన 120, చివరికి 220. గుంటలకు పుట్టీ. (పుట్టికీ పుట్టీకీ సంబంధం లేదు గాని, రెండూ నీటిని ఆపేవే!) గాజుదుమ్ము ఒంటికి దురద, ఊపిరికి చేటు. రెజిన్ వాసన మూసిన గదిలో తల తిప్పుతుంది. ముఖానికి మాస్కు, గాలికి ఫ్యాను లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వలేదు. రెజిన్‌లో కలిపే హార్డెనరునూ, కోబాల్టునూ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే పేలుతుందట. రెండింటినీ వేర్వేరు మూలల్లో పెట్టించాడు. మన ఎండకు రెజిన్ తొందరగా బిగుస్తుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకొని, ఉదయపుపూటనే పని ముగించేవారు.

రంగు చివరిమాట. ఎపాక్సీ ప్రైమరు, దానిమీద రెండు డబ్బాలు కలిపే పాలీయురెథేన్ తెలుపు. తెలుపెందుకంటే అందానికి కాదట. ఎక్కడ చెమ్మ దిగినా చార వెంటనే కనబడుతుందని. నాలుగు కొయ్యల నౌకకు తెలుపు చెప్పిన భోజుడు ఈ కారణం విని ఉంటే సంతోషించేవాడు. కప్పుకు రెగ్జిన్ వద్దని, విప్పి చూసుకోవడానికి వీలైన పలకలు మరలతో బిగించారు.

ఇంతకూ నన్ను ఆలోచనలో పడవేసిన సంగతి వేరు. ఫైబరు పనిలో ఆరితేరిన మా శిష్యుడికి సుత్తితో తట్టి చూడాలని ఎందుకు తోచలేదు? అతని తెలివిలో లోపం లేదు. మన సీమలో ఆ పరంపర తెగిపోయింది.

అసలు ఉన్నదా అంటే, కొంతకాలం ఉన్నది. మన కర్నూలు-కడప కాలువ సేద్యానికే గాక పడవలు నడవడానికి కూడా తలపెట్టినది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనల వెంట 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1860లలో సుమారు మూడువందల కిలోమీటర్ల కాలువ త్రవ్వించింది. పడవలు ఎక్కి దిగడానికి లాకులు కట్టారు. కాలువ పూర్తయ్యే వేళకే రైలు వచ్చింది. కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయే మద్రాసు-రాయచూరు మార్గం 1871లో పూర్తయింది. కంపెనీ ఆశించిన పడవ రవాణా ఫలించలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొన్నది. కాలక్రమాన పడవల మాట పోయి సేద్యమే మిగిలింది. పడవలతోపాటు పడవకు పనిచేసే చేతులూ, ఆ చేతుల వెంట ఉండే మాటలూ పోయాయి. మైదుకూరు, చాపాడు ప్రాంతాలలో ఆ కాలువ నీళ్లు త్రాగి పెరిగిన మా పిల్లలకు అది ఒకప్పుడు పడవదారి అన్న ఊహే లేదు.

ఇప్పుడు నీళ్లు మళ్లీ వచ్చాయి. మైలవరం వెనుక గండికోట జలాశయం 26.85 టీఎంసీల సామర్థ్యంతో నిలిచింది. 2020లో అందులో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగాయి. నా దగ్గర చదివిన కొందరి ఇళ్లు ఆ నీటి అడుగుననే ఉన్నాయి. పులివెందుల ప్రక్కన పార్నపల్లె దగ్గర చిత్రావతి జలాశయంలో 2022లో పడవ విహారం ప్రారంభించారు. 1917 నాటి చట్టాన్ని తీసివేసి 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం చేశారు. తనిఖీలు, రిజిస్ట్రేషన్లు అందులో ఉన్నాయి. చట్టం మంచిదే. కాని తనిఖీ అధికారి ఏడాదికొకసారి వస్తాడు, వాన ఎప్పుడైనా వస్తుంది. నీళ్లనూ పడవలనూ తెచ్చుకున్నాం; పడవకు సంస్కారం చేసే అలవాటును మాత్రం లారీ మీద తెచ్చుకోలేము.

మా శిష్యుడికి సంక్రాంతి తప్పిపోయింది. వడ్డీ పెరిగింది. ఆ నష్టాన్ని నేను చిన్నదిగా చెప్పను. పడవ ఇంకా అనుమతికోసం ఎదురుచూస్తున్నది. మొన్న వెళితే తెల్లని గదిలో సుత్తి ఒకటి దారంతో కట్టి వ్రేలాడుతున్నది. "నెలకొకసారి తడతాం సార్. తారీకు ఈడ రాసిపెడతాం" అని గోడకున్న చిన్న పుస్తకం చూపాడు. పేరు 'అగ్రమందిర' అనే వ్రాయించాడు, నేను వద్దన్నా వినకుండా.

గోదావరి, కృష్ణా తీరాల మిత్రులకు ఒక విన్నపం. పడవ మరమ్మతుకు సంబంధించి మీ పెద్దలు వాడిన మాటలు, పరికరాల పేర్లు తెలిసినవారు వ్యాఖ్యలలో వ్రాయగలరు. సేకరించి మరొక టపాలో పెడతాను. మాకు పని నేర్చుకోవడానికి ముందు ఆ మాటలు కావాలి.