సౌదీ సోలార్ బాట: చమురు మానడానికా, మిగుల్చుకోవడానికా?

సౌదీ అరేబియాలో 1938 మార్చిలో దమ్మామ్ 7వ నంబరు బావి నుంచి చమురు పడింది. అప్పటి నుంచి ఆ దేశ ఖజానా దాని మీదే నడిచింది. 2014 మధ్యలో 100 డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ ధర 2016 జనవరికల్లా 30 డాలర్ల కిందికి జారిపోయింది. 2015లో బడ్జెట్ లోటు 367 బిలియన్ రియాళ్లు. ఆ దెబ్బ తర్వాతే, 2016 ఏప్రిల్ 25న, ‘విజన్ 2030’ ప్రకటన వచ్చింది.

ఇంట్లోనే కాలిపోతున్న చమురు

సౌదీ సోలార్ వైపు తిరిగిందంటే చమురు మానేస్తోందని చాలామంది అనుకుంటారు. అసలు లెక్క వేరు. అప్పట్లో అక్కడి కరెంటు దాదాపు మొత్తం చమురు, గ్యాస్‌తోనే తయారయ్యేది. ఎండాకాలంలో ఏసీలు ఆగకుండా తిరిగితే, కరెంటు కోసం రోజుకు 5 లక్షల బ్యారెళ్లకు పైగా ముడి చమురు కాల్చిన నెలలున్నాయి. బయట అమ్మితే డాలర్లు వచ్చే సరుకును ఇంట్లో చవగ్గా తగలబెట్టడమన్నమాట.

అందుకే 2030 నాటికి కరెంటులో సగం సోలార్, గాలి మరల నుంచి, మిగతా సగం గ్యాస్ నుంచి రావాలన్నది లక్ష్యం. అల్ జౌఫ్ ప్రాంతంలోని సకాకా సోలార్ ప్లాంటు (300 మెగావాట్లు) 2019లో గ్రిడ్‌కు కలిసింది. అక్కడ యూనిట్ ధర 2.34 సెంట్లు. తర్వాత వచ్చిన 1,500 మెగావాట్ల సుదైర్ ప్లాంటులో ధర 1.24 సెంట్లకు పడింది. ఎడారి ఎండకు కొదవ లేదు, స్థలానికీ లేదు. అయినా పని అనుకున్నంత జోరుగా సాగలేదు. 2030కి 130 గిగావాట్లు కావాలంటున్న చోట, 2024 చివరికి 10 గిగావాట్లు కూడా పూర్తి కాలేదు.

2060కి ‘నెట్ జీరో’ సాధిస్తామని 2021 అక్టోబరులో సౌదీ ప్రకటించింది. ఇందులో ఓ మెలిక ఉంది: ఈ లెక్క సౌదీ లోపల వెలువడే పొగకే. అమ్మిన చమురు వేరే దేశాల్లో కాలితే అది ఆయా దేశాల ఖాతాలో పడుతుంది.

భారం ఎవరి మీద పడింది?

మన కుటుంబాలకు బాగా తెలిసిన అధ్యాయం ఇదే. 2015 చివరి దాకా 91 రకం పెట్రోలు లీటరు 0.45 రియాలు. 2018 జనవరికి 1.37 అయింది. ఇళ్లకు కరెంటు యూనిట్ కనీస రేటు 5 హలాలాల నుంచి 18కి ఎక్కింది. అదే నెలలో 5 శాతం వ్యాట్ మొదలై, 2020 జులైలో 15 శాతానికి చేరింది. తమ పౌరులకు ఈ భారం తగ్గించేందుకు ప్రభుత్వం ‘పౌరుల ఖాతా’ పెట్టి నెలనెలా డబ్బు వేసింది. బయటి నుంచి వచ్చిన కార్మికులకు ఆ ఖాతా లేదు.

వాళ్లకు పైగా ఫీజు పడింది. ఇంధన ధరలను సవరించిన ఆర్థిక ప్రణాళికలోనే ఇదీ భాగం. 2017 జులై నుంచి వెంట ఉన్న ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్లు, ఏటా మరో 100 పెంపు, 2020కి 400. భార్య, ముగ్గురు పిల్లలుంటే నెలకు 1,600, ఏడాదికి 19,200 రియాళ్లు. అదీ ఇఖామా రెన్యువల్ వేళ ముందే కట్టాలి. మామూలు జీతగాడికి ఇది కుదిరే పని కాదు. అందుకే చాలామంది బీవీ బచ్చాలను హైదరాబాద్‌కు పంపేసి, తాము మళ్లీ బ్యాచిలర్ గదుల్లోకి మారారు. పిల్లలు చదువు మధ్యలో బడి మారారు.

ఇప్పటి పరిస్థితి

ముడి చమురు సామర్థ్యాన్ని రోజుకు 1.3 కోట్ల బ్యారెళ్లకు పెంచే ప్లాన్‌ను ఆపి, 1.2 కోట్ల దగ్గరే ఉంచాలని 2024 జనవరిలో అరామ్‌కోకు ప్రభుత్వం చెప్పింది. 2023 అక్టోబరులో భారత్, సౌదీ గ్రిడ్‌ల అనుసంధానం, గ్రీన్ హైడ్రోజన్‌పై అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నాయి. సుదైర్ నిర్మాణంలో మన ఎల్ అండ్ టీ పనిచేసింది. అయితే సోలార్ ప్లాంటు కట్టేటప్పుడే ఎక్కువమంది కావాలి, నడపడానికి కొద్దిమంది చాలు. ఇలాంటి పనులకు వెళ్లేవాళ్లు కాంట్రాక్టు ఎన్నాళ్లో, అది ముగిశాక ఇఖామా ఏమవుతుందో ముందే కాగితం మీద చూసుకోవాలి.