మెరుగు కాదు, మంట

ఊరగాయ జాడీని చూడగానే కంటికి ఆనేది దాని మెరుగు. పైన గోధుమరంగు, కింద మీగడరంగు, చెయ్యి జారిపోయే నునుపు. ఏడాది పొడుగునా ఆవకాయను కాపాడేది ఆ పూతేనని చాలామంది నమ్మకం. పాతబస్తీ ఇళ్లలో మర్తబాన్‌గా పిలిచే ఈ పాత్ర పుట్టుకను వెతుక్కుంటూ పోతే మాత్రం మంట ముందు, మెరుగు తర్వాత అని తేలుతుంది.

ఇందుకు గట్టి సాక్ష్యం జపాన్‌లో దొరుకుతుంది. 5వ శతాబ్దంలో కొరియా నుంచి అక్కడికి చేరిన అనగామా ఆము కొండవాలులో తవ్విన సొరంగం లాంటిది. అందులో రోజుల తరబడి కట్టెలు మండితే వేడి 1200 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మట్టి రేణువులు సగం కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక ఆ పాత్ర తడి పీల్చదు. మంటతోపాటు ఎగిరొచ్చిన కట్టెల బూడిద జాడీ భుజాల మీద వాలుతుంది. బూడిదలోని సున్నం, పొటాష్ కలిసి మట్టిలోని సిలికాను కరిగిస్తే, ఆకుపచ్చని గాజు ధారలు కట్టి కిందికి జారుతుంది. ఎవరూ పూయని పూత అది. రైతులు విత్తనాలూ నీళ్లూ దాచుకోవడానికి అక్కడి షిగరాకి, తొకొనామె, ఎచిజెన్, తంబా కుమ్మరులు ఇలాంటి జాడీలు చేశారు. వాటి లోపలి గోడలకు సాధారణంగా మెరుగే ఉండదు. బయట భుజం మీద పడ్డ బూడిద లోపలి గింజకు ఏం కాపలా కాస్తుంది? కాచింది కాలిన మట్టే. ఆ చారికల్లో అందాన్ని తేనీటి గోష్ఠుల రసికులు ఎంతో కాలం తర్వాత కనిపెట్టారు. ఈ బూడిద గుణాన్ని పట్టుకుని కావాలని పూయడం చైనా కుమ్మరులు షాంగ్ రాజుల కాలానికే నేర్చేశారు.

మరి మన కుమ్మరికి పూత విద్య తెలియకనే జాడీ చెయ్యలేదా? ఈ మాట చార్మినార్ దగ్గర నిలవదు. పత్తర్‌గట్టీలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. దాని గోడలకు 1611 నాటి రంగురంగుల మెరుగు పలకలున్నాయి; 1908 మూసీ వరద కొన్నింటిని పాడుచేసినా మిగిలినవి ఇప్పటికీ కళ్లు చెదరగొడతాయి. అంటే నగరం పుట్టిన ఇరవై ఏళ్లకే ఇక్కడ గాజుపూత ఉంది. కాకపోతే అది తక్కువ వేడికి కరిగే ఇరాన్ పద్ధతి పూత. గోడకెక్కింది గానీ జాడీ కాలేకపోయింది. అసలు అడ్డంకి మట్టిలో ఉంది. ఇనుము ఎక్కువగా ఉండే చెరువు మట్టిని 1200 డిగ్రీల దాకా కాలిస్తే ఉబ్బి కూలిపోతుంది. పైగా ఎండలు మండే నేలకు కావలసింది నీరు చెమర్చి చల్లబడే కుండ. గోడలోంచి తడి పోవడమే అక్కడ గుణం. జాడీకి అదే దోషం. మన కుమ్మరి తన పని తాను సరిగ్గానే చేశాడు.

జాడీలు రాకముందు ఊరగాయలు లేవా అనొచ్చు. ఉన్నాయి, నూనె పట్టించిన పాతకుండల్లో. అయితే ఉప్పు కుండగోడలోకి ఇంకి బయట తెల్లగా పొడికట్టి పెచ్చులు లేపుతుంది. అందుకే గట్టి జాడీ సముద్రం మీదుగా రావలసి వచ్చింది. బర్మా రేవు మర్తబాన్ పేరుతో చలామణీ అయిన జాడీల్లో అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఊరవేసి ఒక రాజకుమార్తె తనకిచ్చిందని 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబన్ బతూతా రాసుకున్నాడు. ఆ రాజకుమార్తె కథ ఎంత నిజమో గానీ సరుకుల జాబితాను నమ్మొచ్చు. మన తీరంలో మోటుపల్లి తవ్వకాల్లో ఆకుపచ్చ మెరుగున్న చైనా సెలడాన్ పెంకులు దొరికాయి. గోల్కొండ రాజ్యానికి రేవైన మచిలీపట్నం ఓడలు బర్మాలోని పెగూకు బట్టలు మోసేవి. సాలార్‌జంగ్ మ్యూజియంలోని సెలడాన్ పళ్లేలు విషాన్ని పట్టిస్తాయని నవాబులు నమ్మేవారట. అక్కడా ఘనత పూతకే దక్కింది!

ఇక్కడి మట్టితోనే అలాంటి పాత్రలు పెద్ద ఎత్తున రావడానికి 19వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. బెంగాల్‌లోని రాణిగంజ్‌లో బర్న్ కంపెనీ గట్టి మట్టిపాత్రల (స్టోన్‌వేర్) కార్ఖానా పెట్టింది. అధిక వేడికి తట్టుకునే బంకమన్ను, దాన్ని కాల్చడానికి బొగ్గు, రెండూ అక్కడ ఒకేచోట దొరికాయి.