కాళ్ళ దగ్గర కాస్త చోటు

పోయిన నెల కార్యవర్గ సమావేశంలో మనం ఒక కుక్క గురించి గంటన్నర వాదించుకున్నామని అందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. బయట రకరకాలుగా చెప్పుకుంటున్నారు కాబట్టి జరిగింది రాస్తున్నాం. దాంతోపాటు, ఆ వాదన తర్వాత మేం చదివి తెలుసుకున్న చరిత్ర కూడా.

మన రాజపాళయంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఒక అమ్మాయికి చూపు లేదు. వచ్చే తై నెలలో అన్న పెళ్ళికి వస్తోంది. తనతోపాటు దారి చూపే కుక్క, అక్కడివాళ్ళు గైడ్ డాగ్ అంటారే, అది కూడా వస్తోంది. మన కల్యాణ మండపం గుమ్మంలో "కుక్కలకు ప్రవేశం లేదు" అని బోర్డు ఉంది. మన కార్యదర్శిగారు మంచి మనసుతోనే ఫోన్‌లో చెప్పారు: "కుక్కను కారు షెడ్డులో కట్టేద్దాం అమ్మా. నీ చెయ్యి పట్టుకోడానికి ఇద్దరు పిల్లల్ని పెడతాం. నీకేం లోటు రానివ్వం."

ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది: "పెదనాన్నా, విమానంలో చెన్నై దాకా నా కాళ్ళ దగ్గరే పడుకుని వచ్చే కుక్కను మన మండపం గుమ్మం దగ్గర వదిలేసి రమ్మంటారా?"

జవాబు చెప్పలేకపోయాం. అసలు విమానంలోకి కుక్కను ఎలా రానిస్తారు, ఎప్పటినుంచి రానిస్తున్నారు అని వెతకడం మొదలుపెట్టాం.

ఈ కథ యుద్ధంతో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల వల్ల, గాయాల వల్ల చాలామంది జర్మన్ సైనికులు చూపు పోగొట్టుకున్నారు. వాళ్ళ కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ కుక్కలకు శిక్షణనిచ్చే బడి పెట్టించారు. తర్వాత పోట్స్‌డామ్‌లో మరొకటి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో ఉంటూ జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచుతున్న అమెరికన్ మహిళ డొరొతీ హారిసన్ యూస్టిస్ ఆ బడి చూసి, 1927 నవంబరులో ఒక అమెరికన్ పత్రికకు వ్యాసం రాశారు.

టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో మోరిస్ ఫ్రాంక్ అనే కుర్రవాడికి తండ్రి ఆ వ్యాసం చదివి వినిపించాడు. ఫ్రాంక్‌కు ఆరేళ్ళప్పుడు ఒక కన్ను, పదహారేళ్ళప్పుడు రెండోది పోయాయి. చదువుకుంటూ బీమా పాలసీలు అమ్మేవాడు. చెయ్యి పట్టుకుని నడిపించడానికి జీతానికి ఒక పిల్లవాణ్ణి పెట్టుకున్నాడు. ఆ పిల్లవాడు వస్తే పని, రాకపోతే ఇల్లు. మనం ఆ అమ్మాయికి ఇవ్వజూపింది కూడా సరిగ్గా ఇదే ఏర్పాటు!

ఫ్రాంక్ యూస్టిస్‌కు ఉత్తరం రాశాడు. నాకు కుక్కను ఇప్పించండి, తిరిగొచ్చి నాలాంటివాళ్ళకు కూడా నేర్పిస్తాను అని దాని సారాంశం. ఆమె రమ్మంది. 1928లో ఓడలో బయల్దేరాడు. చూపులేని మనిషి ఒంటరిగా సముద్రం దాటడమంటే ఆ రోజుల్లో ఎవరూ ఒప్పుకునే మాట కాదు. అందుకని అతన్ని పార్సిల్ లెక్కన ఒక సంస్థకు అప్పగించి పంపారు. మనిషికి సామాను మర్యాద.

స్విట్జర్లాండ్‌లో అతనికి ఇచ్చిన ఆడ కుక్కకు బడ్డీ అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఏడాది జూన్‌లో దానితో న్యూయార్క్‌లో దిగాడు. విలేకరులు పరీక్ష పెట్టారు: వెస్ట్ స్ట్రీట్ దాటి చూపించమన్నారు. లారీలు, కార్లు దూసుకుపోయే వెడల్పాటి రోడ్డది. బడ్డీ ఆగినప్పుడు ఆగి, కదిలినప్పుడు కదిలి, అవతలి గట్టుకు చేరాడు. యూస్టిస్‌కు ఒకే ఒక్క మాటతో తంతి కొట్టాడు: విజయం. 1929 జనవరిలో నాష్‌విల్‌లో "ద సీయింగ్ ఐ" అనే శిక్షణ సంస్థ మొదలైంది.

రోడ్డు దాటడం ఒక పూటలో అయిపోయింది. తలుపులు దాటడానికి పదేళ్ళు పట్టింది. హోటళ్ళు, భోజనశాలలు, రైళ్ళు, ఎక్కడికెళ్ళినా కుక్కను బయట కట్టమనేవారు. రైల్లో అయితే సామాను పెట్టెలో వెయ్యమనేవారు. కుక్క సామాను పెట్టెలో ఉంటే తను మళ్ళీ పార్సిలే అయిపోతానని ఫ్రాంక్‌కు తెలుసు. ఊరూరా తిరిగి, అధికారులను కలిసి, బడ్డీ ఎంత బుద్ధిగా పడుకుంటుందో కళ్ళారా చూపించాడు. 1935 నాటికి అమెరికా రైళ్ళన్నీ ఒప్పుకున్నాయి. 1938లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం తలుపు తెరిచింది. అప్పటి గొప్ప విమానం డీసీ-3లో పగటి ప్రయాణానికి ఉన్నవి 21 సీట్లు. అంత ఇరుకులో ఒక జర్మన్ షెపర్డ్ యజమాని కాళ్ళ దగ్గర పడుకుని ప్రయాణించింది. బడ్డీ ఆ ఏడాదే చనిపోయింది. ఫ్రాంక్ తర్వాత పెంచుకున్న ప్రతి కుక్కనూ బడ్డీ అనే పిలిచాడు.

ఒక సంస్థ ఒప్పుకోవడం వేరు, చట్టం కావడం వేరు. 1986లో అమెరికా సుప్రీంకోర్టు, వికలాంగులపై వివక్షను నిషేధించే పాత చట్టం ప్రభుత్వం నుంచి నేరుగా డబ్బు అందుకోని విమాన సంస్థలకు వర్తించదని తీర్పు చెప్పింది. వికలాంగుల సంఘాలు ఊరుకోలేదు. ఆ ఏడాదే అక్కడి పార్లమెంటు ఎయిర్ క్యారియర్ యాక్సెస్ చట్టం చేసింది. బ్రిటన్‌లో ఇంకో రకం గోడ ఉండేది. రేబిస్ భయంతో బయటి దేశాల నుంచి వచ్చే కుక్కలను ఆరు నెలలు విడిగా ఉంచేవారు. 2000లో కొత్త పథకం వచ్చాకే టీకాలు, పత్రాలు సరిగ్గా ఉన్న కుక్కలకు ఆ నిర్బంధం తప్పింది.

తర్వాత మరో చిక్కు వచ్చింది. మనశ్శాంతి కోసమంటూ అమెరికాలో జనం శిక్షణ లేని జంతువులన్నిటినీ విమానం ఎక్కించసాగారు. 2018లో ఒకరు నెమలిని తీసుకొచ్చారు! నవ్వొస్తుంది గానీ, దాని దెబ్బ పడింది చూపులేనివాళ్ళ మీద. నిజమైన గైడ్ డాగ్‌ను కూడా అనుమానంగా చూడటం మొదలైంది. 2020 చివర్లో అక్కడి రవాణా శాఖ నియమం మార్చింది: ప్రత్యేక శిక్షణ పొందిన కుక్కకే ఆ హక్కు. ఎనిమిది గంటలు దాటే ప్రయాణమైతే, కుక్క మలమూత్రాలు ఆపుకోగలదనో, శుభ్రత చెడకుండా చూసుకుంటామనో యజమాని రాసివ్వాలని విమాన సంస్థ అడగవచ్చు. దారికి అడ్డం పడకూడదు, అత్యవసర ద్వారం వరసలో కూర్చోకూడదు.

మన దేశపు విమానయాన నియమాల్లో కూడా శిక్షణ పొందిన గైడ్ డాగ్‌కు యజమాని పక్కన చోటుంది. కానీ ఇక్కడ అలాంటి కుక్కలు చాలా అరుదు. గుమ్మం దగ్గరున్న ఉద్యోగి వాటిని ఎన్నడూ చూసి ఉండడు. నియమం కాగితం మీదుంటే చాలదని మనకు 2012లోనే తెలిసింది. సెరెబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను కోల్‌కతాలో విమానం ఎక్కాక దించేశారు. నాలుగేళ్ళ తర్వాత సుప్రీంకోర్టు ఆమెకు పది లక్షల పరిహారం ఇప్పించింది. పరిహారం వచ్చింది గానీ, ఆనాటి ప్రయాణం మాత్రం పోయినట్టే కదా.

ఇక మన సంగతి. తెలుగు నేల నుంచి వచ్చిన మన పెద్దలు ఈ కొండల కింద స్థిరపడ్డప్పటినుంచి మనకు కుక్క కొత్త కాదు. ఊరి పేరు బయట చెబితే ముందు మన తెల్ల కుక్కనే గుర్తు చేసుకుంటారు. 2005లో తపాలా శాఖ దాని మీద బిళ్ళ కూడా వేసింది. అయితే మన కుక్క కాపలాది, వేటది. కొత్తవాళ్ళను దగ్గరికి రానివ్వదు. అందుకే మండపంలో కుక్క అనగానే మనకు అరుపులు, పరుగులు తోచాయి. గైడ్ డాగ్‌ను పెంచేది వందలమంది మధ్య కిక్కురుమనకుండా ఉండడానికి.

సమావేశంలో ఒక పెద్దాయన వంటశాల మడి సంగతి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కుక్క వంటశాలకు రాదు, పెళ్ళి పీటల దగ్గరికీ రాదు. పంక్తి చివర ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర పడుకుంటుంది. దీనికి ఆయన కూడా ఒప్పుకున్నారు.

చివరికి తీర్మానం ఇది. బోర్డు తీసెయ్యం. దాని కింద ఒక వాక్యం చేరుస్తాం: "చూపులేనివారికి దారి చూపే కుక్కలకు ఈ నిషేధం లేదు." పెళ్ళికి వచ్చేవాళ్ళందరికీ మూడు విన్నపాలు. పట్టీ వేసి ఉన్నప్పుడు అది పనిలో ఉన్నట్టు, ముట్టుకోవద్దు. ఎంత ముద్దొచ్చినా లడ్డూ ముక్క పెట్టొద్దు. ఆ అమ్మాయితో మాట్లాడాలంటే ఆ అమ్మాయితోనే మాట్లాడండి, పక్కవాళ్ళను అడగొద్దు.

కార్యదర్శిగారే మళ్ళీ ఫోన్ చేసి ఈ సంగతి చెప్పారు. "సరే పెదనాన్నా, అయితే దానికి కాసిన్ని నీళ్ళు మాత్రం పెట్టించండి" అందట.

అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చే సర్వసభ్య సమావేశానికి వచ్చి చెప్పండి. విందాం, మాట్లాడుకుందాం.