మూసీ అవతల తల్లిగారిల్లు

2020 మే మొదటి వారం, కరోనా లాక్‌డౌన్. కేతేపల్లిలో పొద్దున ఎనిమిదికే ఎండ మండుతోంది. రాత్రింబవళ్లు లారీలతో మోగే హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఇప్పుడు ఒక బండి పోతే, ఇంకోటి రావడానికి చాలాసేపు పడుతోంది. వడ్ల కుప్పల దగ్గర మాత్రం మనుషులున్నారు, మూతులకు తువ్వాళ్లు చుట్టుకుని.

సందులోకి రండి. గడప పక్కన బకెట్లో నీళ్లు, సబ్బు బిళ్ల ఉన్నాయి, చేతులు కడుక్కోండి. లోపల గోడకానుకుని కూర్చున్న అమ్మాయికి ఎనిమిదో నెల. తొలికాన్పు తల్లిగారింట్లోనే కావాలి. ఆ ఇల్లు మూసీ అవతల, సూర్యాపేట జిల్లాలో ఉంది. సూర్యాపేటలో కరోనా కేసులు ఎనభై దాటాయి, ప్రభుత్వం రెడ్ జోన్ అంది. ఫోన్‌లో తల్లి గొంతు.

"వంతెన కాడ ఆపుతున్నరంట బిడ్డా. ఎట్ల రావాలె?"

"మరి నొప్పులొస్తే నా పక్కన ఎవరుంటరమ్మా?"

అవతల జవాబు లేదు. అత్తమ్మ లేచి టీవీ కట్టేసింది.

పది దాటాక ఆశా కార్యకర్త వచ్చింది. ఇంటింటి జ్వరాల సర్వే మధ్యలోనే ఈ ఇల్లూ. కార్డు చూసింది, ఐరన్ గోలీలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టింది. తర్వాత అమ్మాయి కాలు ముందుకు చాపించి, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, కాసేపు అలాగే పట్టి వదిలింది. గుంట పడి అలాగే నిలిస్తే నీరు పట్టినట్టు. నిలవలేదు. "మంచిగనే ఉంది. బిడ్డ తిరుగుడు తక్కువైతే మాత్రం ఊరుకోకు, నాకు ఫోన్ చెయ్."

అప్పుడు అడిగింది అమ్మాయి. "అక్కా, గద్వాల దిక్కు గట్లైందట కదా?"

ఏప్రిల్ చివర గద్వాల జిల్లాకు చెందిన ఒక గర్భిణిని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పారు. కంటైన్‌మెంట్ ప్రాంతం నుంచి వచ్చిందన్న అనుమానం ఆమె వెంట నడిచింది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. సంగతి హైకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి వార్త విన్న పిల్లకు 'ధైర్యంగా ఉండు' అనడం నా దృష్టిలో అన్యాయం. ఆమె భయానికి ఆధారముంది. ఆమెకు కావాల్సింది జవాబులు.

ఆశా అదే చేసింది. క్యాలెండర్ వెనక పెన్నుతో రాసింది: 102, 108, తన నంబరు, పీహెచ్‌సీ నర్సు నంబరు, సందు చివర ఆటో అతని నంబరు. "రాత్రైనా సరే, ముందు నాకు చెయ్. నేను నీ వెంట వస్త." అత్తమ్మ ఆ కాగితాన్ని తలుపు వెనక మేకుకు తగిలించింది.

ఆ రోజుల్లో పోయినదాన్ని ఎవరూ లెక్కలో రాయలేదు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు అంగన్‌వాడీకి వచ్చి అన్నం, పప్పు, గుడ్డు, పాలు తీసుకునేవాళ్లు. లాక్‌డౌన్‌లో సరుకులు ఇంటికే వచ్చాయి, మంచిదే. కానీ అక్కడ తినే పూట పక్కపక్కన కూర్చుని, ఎనిమిదో నెల పిల్ల తొమ్మిదో నెల పిల్లను 'నీకు కూడా గిట్లనే ఉంటదా?' అని అడిగే వీలు పోయింది. డాక్టరును అడగలేనివన్నీ అక్కడే అడిగేవాళ్లు. ఈ అమ్మాయి దానికో దారి వెతుక్కుంది: సాయంత్రం పెరటి గోడ దగ్గర నిలబడి, ఈమధ్యే కాన్పైన పక్కింటి వదినతో మాట్లాడుతోంది. ఆ మాటల తర్వాతే అన్నం సహిస్తోంది.

భర్త పట్నంలో క్యాబ్ నడిపేవాడు, పని ఆగి ఇంట్లోనే ఉన్నాడు. అప్పట్లో సర్కారు దవాఖానలో కాన్పైతే కేసీఆర్ కిట్, విడతలుగా 12 వేలు, ఆడపిల్లైతే 13 వేలు వచ్చేవి. ఆ డబ్బు లెక్క అతనికి ఇప్పటికే నోటికొచ్చేసింది.

మీ వీధిలో తొలిచూలు గర్భిణి ఉంటే, ఏ రాత్రి ఏ బండి వస్తుందో, ఏ దవాఖానకు పోవాలో, వెంట ఎవరుంటారో ఇవాళే అడిగి తెలుసుకుని ఆమెకు చెప్పండి. కర్ఫ్యూ వచ్చేదాకా ఆగకండి.