చీకటి బిలాలు, వేడి సాక్ష్యం

గుహల చరిత్ర అనగానే కాగడా పట్టుకుని లోపలికి నడిచినవారే మనకు గుర్తుకు వస్తారు. లోపల అడుగు పెట్టకుండానే, కంటికి కనిపించని కిరణాలతో గుహలను వెదికిన చరిత్ర ఇంకొకటి ఉంది. నన్ను ఆకట్టుకున్నది ఈ రెండవదే.

దాని మొదటి పుట 1800 నాటిది. విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఎరుపుకు అవతల ఏ రంగూ లేని చోట థర్మామీటరు ఇంకా ఎక్కువ వేడిని చూపడం గమనించాడు. ఆ పరారుణ కిరణాలను చిత్రాలుగా మలిచే కెమెరాలు వచ్చాక, నేల లోపలి బోలును పైనుండే పసిగట్టే మార్గం దొరికింది.

అగ్నిపర్వతం నుండి పారే లావా పైపొర ముందుగా గట్టిపడుతుంది. లోపలి ద్రవం ప్రవహించి వెళ్ళిపోతే సొరంగం మిగులుతుంది. హవాయిలోని కజుమురా గుహ ఇలా ఏర్పడినదే. దాని పొడవు 60 కిలోమీటర్లకు పైమాటే. ఇటువంటి గుహల ద్వారాలు నల్లని రాళ్ళలో నీడలుగా కలిసిపోతాయి. అయితే, మన ఊళ్ళలో బావినీరు వేసవి మధ్యాహ్నం చల్లగా, పుష్యమాసపు వేకువన గోరువెచ్చగా తోస్తుంది కదా! నీటి వేడి అంతగా మారదు. మారేది పైనున్న గాలి. గుహ ద్వారమూ అంతే. కాగిన రాళ్ళ నడుమ పగలు చల్లని మచ్చగా, ఆరిన రాళ్ళ నడుమ వేకువన వెచ్చని మచ్చగా ఉష్ణచిత్రంలో కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని పిస్గా లావా మైదానం ఈ పరిశోధనలకు ప్రయోగశాల అయింది.

2007లో గ్లెన్ కుషింగ్ బృందం ఇదే సూత్రాన్ని అంగారకునికి అన్వయించింది. మార్స్ ఒడిస్సీ నౌకలోని థెమిస్ కెమెరా చిత్రాలలో, ఆర్సియా మాన్స్ అగ్నిపర్వతపు వాలులపై ఏడు నల్లని బిలాలు కనిపించాయి. వాటి వెడల్పు 100 నుండి 250 మీటర్లు. రాత్రికీ పగటికీ చుట్టూ ఉన్న నేలలో వచ్చే మార్పులో మూడవ వంతు మాత్రమే వాటిలో కనిపించింది. గుహలు దొరికాయన్న ఆశ చిగురించింది. అదే ఏడాది హైరైజ్ కెమెరా, ‘జీన్’ అని పేరు పెట్టిన బిలాన్ని ఏటవాలుగా చిత్రించింది. ఎండ పడిన నిట్టనిలువు గోడ బయటపడింది. లోతు కనీసం 178 మీటర్లు. పక్కకు సాగే సొరంగపు జాడ మాత్రం లేదు.

అంటే వేడి అబద్ధం చెప్పలేదు. అది ‘లోతు’ అన్నది. మనం ‘గుహ’ అని విన్నాం.

చంద్రుని విషయంలో సాక్షులు ఇద్దరయ్యారు. ప్రశాంతి సాగరంలోని ఒక బిలపు నీడలో సుమారు 17 డిగ్రీల సెల్సియస్ నిలకడగా ఉండవచ్చని, డివైనర్ కొలతలు ఆధారంగా 2022లో తేల్చారు. అక్కడే అడుగున గుహ ఉన్నట్లు, 2010 నాటి రాడార్ సమాచారాన్ని మళ్ళీ పరిశీలించినవారు 2024లో ప్రకటించారు.

రేపు మనిషి తలదాచుకునే చోటును ఈ సాక్ష్యాలే నిర్ణయించవచ్చు. అందుకే ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ‘జీన్’ నేర్పిన పాఠం: వేడి సాక్షి మాత్రమే, తీర్పరి కాదు.