దిద్దే చేయి లేక కూలిన ధరణి

భూమి కోసం నెత్తురు ధారపోసిన నేల జనగామ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దొర పాలు కానివ్వలేదు. అలాంటి గడ్డకు, ఇక మీ హక్కుకు ఢోకా లేదంటూ 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది.

ఆశ పెట్టుకోదగ్గ పనే అది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దారు ఆఫీసులో ఒకే రోజు పూర్తయ్యేవి. తగాదా లేని భూమి ఉన్న రైతు ఆ మేలు కళ్లారా చూశాడు.

కానీ దాని పునాది 2017లో హడావుడిగా సాగిన రికార్డుల ప్రక్షాళన. అప్పటి తప్పులు తప్పులుగానే కంప్యూటర్‌కెక్కాయి. పాత పహాణీలో రెండెకరాలున్న రైతుకు తెరమీద ఎకరమే కనబడేది. సర్వే నంబరులో కొన్ని గుంటలు ప్రభుత్వానివైతే నంబరు మొత్తం నిషేధిత జాబితాలో పడేది. మానుకోట పల్లెల్లో, తండాల్లో తెల్లకాగితం మీద కొన్న భూములకు ధరణితో పాటు వచ్చిన కొత్త చట్టంలో చోటే లేకపోయింది. భూపాలపల్లి అడవి అంచున అటవీ, రెవెన్యూ హద్దుల చిక్కు అలాగే మిగిలింది.

ఇలాంటి తప్పును పుట్టినచోటే ఆపాలంటుంది లీన్ పద్ధతి. దానికి పుట్టిల్లయిన టయోటా కర్మాగారంలో లోపం చూసిన కార్మికుడెవరైనా తాడు లాగి పని ఆపించవచ్చు. ఆ పద్ధతిని మేరీ, టామ్ పాపెండీక్ దంపతులు 2003లో సాఫ్ట్‌వేర్‌కు అన్వయించి పుస్తకం రాశారు. చిన్న అడుగులు వేయాలి, వాడేవాళ్ల మాట వినాలి, పని దగ్గరున్న మనిషికే నిర్ణయం అప్పగించాలి అన్నది దాని సారం.

ధరణిలో ఆ తాడు లేకపోయింది. తప్పు ఎదురుగా కనబడుతున్నా తహసీల్దారుకు దిద్దే అధికారం ఉండేది కాదు. రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి, అప్పీలుకు దారి మూసుకుపోయింది. దరఖాస్తులన్నీ కలెక్టరు లాగిన్‌లో పేరుకుపోయాయి. కొత్త గోడు వినబడ్డప్పుడల్లా కొత్త మాడ్యూల్ తగిలించారు. అవి ముప్పై దాటినా, ఏది నొక్కాలో తెలియక మీసేవ ముందు రైతు నిలబడే ఉండేవాడు.

2023 ఎన్నికల్లో ధరణి రద్దు ఒక ప్రధాన హామీ అయింది. 2024 ఫిబ్రవరిలో కొన్ని అధికారాలు తహసీల్దార్లకు, ఆర్డీవోలకు దిగివచ్చాయి. అప్పటికే జనానికి నమ్మకం పోయింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది.

ధరణిని కూల్చింది కంప్యూటర్ కాదు, అధికారమంతా పైనే దాచుకున్న పాలన. భూభారతి చట్టం అప్పీలుకు మళ్లీ వీలిచ్చింది. తప్పు ఏ మండలంలో బయటపడితే ఆ మండలంలోనే సరిదిద్దకపోతే, పేరు మారినా రైతు గోస మారదు.