లారెన్స్‌విల్‌లో పుట్టి గార్‌ఫీల్డ్‌లో నెగ్గిన చదువు

ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్. అమెరికాలో కలిగినవాళ్ల పిల్లలు చదివే ఈ మూడు బడులూ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లతో కూర్చుని 1952లో ఒక నివేదిక ఇచ్చాయి. తమ దగ్గర చదువుకున్న పిల్లలు కాలేజీకి పోయి, మొదటి ఏడాది అప్పటికే నేర్చుకున్న పాఠాలే మళ్లీ వింటున్నారన్నది వాటి బాధ. ఫోర్డ్ ఫౌండేషన్ సొమ్ముతో, ఒహాయోలోని కెన్యన్ కాలేజీ అధ్యక్షుడు గోర్డన్ చాల్మర్స్ పూనికతో బడిలోనే కాలేజీ పాఠాలు మొదలయ్యాయి. 1955లో కాలేజ్ బోర్డు ఆ పని చేపట్టింది. ఆ చదువుకే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని పేరు. 1956 మే నెలలో దాని తొలి పరీక్షలు రాసింది 1,229 మంది.

తెనాలిలో ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి లెక్కలు చెప్పినదాన్ని. న్యూజెర్సీలో మా మనవడి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాల్క్యులస్ పాత పేపర్లు చూసి ముచ్చటపడ్డాను. రెండో భాగంలో ఆరు ప్రశ్నలు, గంటన్నర సమయం. రెండింటికే కాల్క్యులేటరు, తక్కిన నాలుగూ చేత్తో చేయాల్సిందే. ట్యాంకులోకి నీళ్లు వచ్చే వేగం, పోయే వేగం ఇచ్చి, నీళ్లు ఎప్పుడు ఎక్కువగా ఉంటాయో అడుగుతారు. జవాబు సరిపోయినా కారణం రాయకపోతే మార్కు పోతుంది. తెనాలిలో మాత్రం ప్రవేశ పరీక్షలో నాలుగింట్లో ఒకటి గుర్తుపట్టడం నేర్పడానికే మా క్లాసు సరిపోయేది. "ఎందుకు మేడమ్?" అని అడిగిన పిల్లకు నిలబడి చెప్పే తీరిక దొరికేది కాదు.

ఈ చదువు విలువ తేల్చింది మాత్రం ఆ పెద్ద బడులు కాదు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో, బొలీవియా నుంచి వచ్చిన హైమే ఎస్కలాంటే మాస్టారు పేద మెక్సికన్ కుటుంబాల పిల్లలకు కాల్క్యులస్ చెప్పాడు. 1982లో 18 మంది రాసి, అందరూ గట్టెక్కారు. 14 మంది కాపీ కొట్టారని పరీక్ష పెట్టినవాళ్లు అనుమానించారు. ఆ పిల్లలకెంత కష్టంగా తోచి ఉంటుందో! అయినా వాళ్లలో 12 మంది మళ్లీ రాశారు, పన్నెండు మందీ మళ్లీ నెగ్గారు.

అయితే కాలం మిగల్చాలని పెట్టిన ఈ చదువు ఇప్పుడు పిల్లల కాలాన్ని మింగేస్తోంది. దరఖాస్తులో బాగుంటుందని ఒకే ఏడాది ఐదారు కోర్సులు నెత్తికెత్తుకుంటున్నారు. అమెరికా చరిత్ర కోర్సు 1491 నుంచి నేటిదాకా నడవాలి. జార్జియాలో చాలా బడులు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, న్యూజెర్సీలో సెప్టెంబరు రావాలి. పరీక్ష మాత్రం అందరికీ మే నెలలోనే. ఇక పౌరయుద్ధం దగ్గర ఆగి ఒక ఉత్తరమో ఉపన్యాసమో చదివే వీలెక్కడిది?

డార్ట్‌మత్ కాలేజీ 2014లో చేరినవాళ్ల నుంచి ఈ పరీక్షల స్కోర్లకు కాలేజీ క్రెడిట్లు ఇవ్వడం మానేసింది. వాషింగ్టన్ చుట్టుపక్కల ఎనిమిది ప్రైవేటు బడులు 2022 కల్లా ఈ కోర్సులు తీసేస్తామని 2018లో ప్రకటించాయి. వాటికి చెల్లుతుంది, బడి పేరు చూసే కాలేజీలు పిల్లలను గౌరవిస్తాయి. గార్‌ఫీల్డ్ లాంటి బడిలో చదివే పిల్లకు ఆ స్కోరే సాక్ష్యం. ఎన్నో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు దానికి ఇప్పటికీ క్రెడిట్లు ఇస్తున్నాయి. ఆ క్రెడిట్లతో అలాంటి పిల్ల ఇంట్లో ఒక సెమిస్టరు ఫీజు మిగిలితే, ఆ డబ్బుతో రెండో పిల్ల కూడా కాలేజీ గడప తొక్కొచ్చు.